అది కరుస్తాది

స్కూటరు అమ్మేశాక మిగిలిన షెడ్డు అది.
పది అడుగులకి పన్నెండు, పైన సిమెంటు రేకు.
కాశీబుగ్గలో జీడిపిక్కలు కోసే మిషన్లకి
బ్లేడు అరిగిపోతే నా దగ్గరికే వస్తుంది,
ఒళ్లంతా నల్లటి జీడిచమురు పూసుకుని.

లేతు తిరిగితే బల్బు వాలిపోయేది.
వెల్డింగు పెడితే పక్కింటి టీవీలో బొమ్మ వణికేది.
గున్న మేష్టారు గోడ మీంచి తొంగి చూసి
"ఎర్రయ్యా, సీరియల్లో పెళ్లయిందో లేదో
ఇక నువ్వే చెప్పాలి" అనేవారు.

ఫ్యూజు పోతే ఒక పోగు వేయాలి.
నేను రెండు వేశాను. తర్వాత నాలుగు.
ఒక ఎండాకాలం, సీజను జోరు మీదున్నప్పుడు,
ఏకంగా సైకిలు బ్రేకు తీగ.
ఇక పోలేదు.
గొప్ప పనితనం అనుకున్నాను.

మొన్న షెడ్డులో ఎండుచేప మాడిన కంపు.
వంటింట్లో చూస్తే పప్పు.
స్విచ్చు మీద చెయ్యి వేస్తే వేడి.
ఐటీఐ చదివిన అసిరితల్లిని పిలిచాను,
మా తోడల్లుడి మేనకోడలు.
నిచ్చెన తనే తెచ్చుకుంది. టెస్టరు జడముడిలో గుచ్చుకుంది.

చెక్కబద్దీలు ఊడదీస్తే
లోపల కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు,
సైకిలు ట్యూబుముక్క చుట్టిన అతుకులు,
ఒక అతుక్కి దెబ్బలకేసే ప్లాస్టరు.
"ఇది ఎవులు సేసినారు మావా?"
"ఏమో, ఎప్పుడో ఎవడో" అన్నాను,
నా చేతిరాత నేనే ఎరగనట్టు.

ఆకుపచ్చ తీగ పట్టుకుని
ఆ పిల్ల గోడ వెంబడే నడిచింది,
పాము ఏ కన్నంలో దూరిందో చూసినట్టు.
లేతు కాలి దగ్గర మొదలై, కిటికీ కింద నుంచి,
క్యాలెండరు వెనక్కి పోయి
మేకుకి చుట్టుకుని ఉంది.
అంతే. గోడలో రెండంగుళాల మేకు.
"ఎర్తు ఇదేనా?"
ఇటుక కూడా మట్టే కదా
అనుకున్న రోజు గుర్తొచ్చింది.

అప్పుడు గుమ్మంలోంచి నా భార్య, టీ గ్లాసులతో:
"పందొమ్మిదేళ్ల నుంచి సెప్తన్నాను,
అది కరుస్తాదని."

చెప్పింది. నిజమే.
వానాకాలం మరీనూ. చీమ కుట్టినట్టు, అనేది.
లేతు మీద గ్లాసు పెట్టి చటుక్కున చెయ్యి లాక్కునేది.
నేను అదే ఇనుమును నిమిరి చూపించేవాణ్ణి,
ఏదీ, ఎక్కడ కరిచిందీ, అని.
నరాల నీరసం అన్నాను.
టానిక్కు కూడా కొన్నాను.

అసిరితల్లి నా కాళ్లకేసి చూసింది. రబ్బరు చెప్పులు.
ఆవిడ కాళ్లకేసి చూసింది.
పనిముట్లున్న చోటని,
దసరాకి బొట్టు పెట్టే మిషనని,
చెప్పులు గుమ్మం బయటే విడిచొస్తుంది మనిషి.
ఎవరం ఏమీ అనలేదు.
టీ చల్లారింది.

నాలుగు రోజులు పట్టింది పని.
లేతుకి వేరే లైను, వెల్డింగుకి వేరే లైను,
వేలెడు లావు గొట్టాల్లో మెరిసే రాగి.
ధర విని మేష్టారు గోడ దిగిపోయారు.
బొగ్గు కమ్మరి సింహాద్రి ఊరికే ఇచ్చాడు,
ఉప్పు నౌపడ నుంచి బస్తా.
పెరట్లో గునపం వేయబోతుంటే
కరివేపాకుకి ఉప్పు పడదని జాగా మార్పించింది ఆవిడ.
ఈసారి నేను ఎదురు చెప్పలేదు.
ఎనిమిదడుగులు. పొర మీద పొర. పైన బిందెలతో నీళ్లు.
"ఇదేటి బావూ, ఆవకాయేటి?" అన్నాడు తవ్వినవాడు.

తెల్లడబ్బాలో చిన్న బొత్తాం చూపించింది అసిరితల్లి:
"నెలకోసారి నొక్కాల మావా.
పడిపోతే బాగున్నట్టు."
నా లెక్కలో ఇన్నాళ్లూ
పడిపోకపోవడమే బాగు.

అమావాస్యకి పని ఆపుతాం కదా, ఆరోజు నొక్కుతాను.
టక్.
రేడియో సగం మాటలో ఆగిపోతుంది.
వంటింట్లోంచి ఆవిడ:
"పోయిందా?"
"పోయింది."
"మంచిది."

మేకు పీకుదామని ఓ రోజు కటింగుప్లేరు పట్టుకున్నాను.
"ఒగ్గేయ్, క్యాలెండరు దేనికి తగిలిస్తావు?" అంది,
ఇప్పటికీ
చెప్పులు గుమ్మం బయట విడిచొచ్చి నిలబడి.