నాపరాయి బడి

సోమవారం తొమ్మిదికి బడి మొదలు అనుకున్నా.
తొమ్మిదింబావుకు గౌసుగాడు
సుద్దముక్క సగం కొరికి మింగేసినాడు.
నోట్లో వేలు పెట్టి తీసేలోపల
పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.
మిగిలిన సగం హాజరా చేతికిచ్చి
"అ" రాయమ్మా అంటే
"అ నాకొచ్చు గదమ్మా" అనింది,
చానా దినాలకు నా మొగంలోకి చూసి.

మాకు నల్లబల్ల లేదు.
తాడిపత్రిలో నల్లబల్ల కొనేదెవరు?
వంటింటి నుంచి వాకిలి దాకా
నల్లటి నాపరాళ్ళే పరిచి ఉండాయి,
అంచులు విరిగినాయని
పాలిష్ మిషను కాడ సగం ధరకిస్తే
ఆయన బండి మీద ఏసుకొచ్చినవి.
పొయ్యి పక్క బండ లెక్కలకు.
కిటికీ కిందది తెలుగుకు.
మంచం కాడ పగులిచ్చింది గౌసుకు.
వాడికి వాడి బండ తప్ప
అన్నీ కావాల.

హాజరా "కాకి" రాసి తలెత్తేలోపల
వాడు కూచోని జరిగినాడు.
దీర్ఘం వాడి చెడ్డీకి అంటుకోని పోయింది.
"కకి అంటే ఏందమ్మా?"
నాకేం తెలుసు?
రెక్క విరిగిన కాకేమో అన్నా.
నవ్వింది.
ఆ నవ్వు విని పీరమ్మత్త
చాటలో చెయ్యి ఆపి ఇట్ల చూసింది.

బడిలో ఏం జరిగిందో
నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు.
లేచి చదవమన్నారంట.
"ప" కాడ నాలుక అతుక్కుందంట.
ప... ప... అంటా ఉంటే
వెనక బెంచీలోళ్ళు అందుకున్నారంట.
అంతే.
ఆ పొద్దు నుంచి తెల్లారితే కడుపునొప్పి,
వ్యాను హారను ఇనపడితే గౌను తడి.
"బడికి పోతేనే గదమ్మే గొంతు లేచేది!"
గోడ మీదుగా ఓబులమ్మక్క.
అయిండొచ్చు.
నేను ఇంటర్లో లెక్కలు తప్పినదాన్ని.
రాత్రిపూట గౌసును రొమ్ముకేసుకోని
ఒంటిచేత్తో రెండో తరగతి పుస్తకం తిప్పతా.
పాప కంటే ఒక పాఠం ముందుంటా,
కునుకు పట్టిన రాత్రి అదీ ఉండదు.

అత్త విత్తనం కాయలు వలిచే కూలికి తెచ్చుకుంది.
ఆ గింజలే మాకు లెక్కలు.
పది పెట్టినా.
గౌసు మూడు దొరకబుచ్చుకోని
మంచం కిందికి ఇసిరినాడు.
ఇప్పుడెన్ని హాజరా?
ఏడు అనలేదు.
మంచం కింద దూరి,
బూజు నెత్తికెత్తుకోని,
మూడూ ఏరుకొచ్చి వరసలో పెట్టి,
"ప..." అనింది.
"ప... ప..."

నేను చెప్పబోయినా.
అత్త కన్నుతో ఆపింది.

అప్పుడు వాడు,
ఇంకా "అమ్మ" కూడా సరిగ్గా రానోడు,
చప్పట్లు కొట్టుకుంటా
"ప ప ప ప" అన్నాడు.
నా గుండె జారింది.
హాజరా బిగుసుకోని వాడినే చూసింది.
వాడి గడ్డం మీద జొల్లు,
జొల్లులో సుద్ద.
వాడికొచ్చిన అక్షరం అదొక్కటే,
అక్క కూడా అదే అంటా ఉందని వాడి సంతోషం.
"ప ప," అనింది పాప వాడికేసి వంగి.
"ప ప ప," అన్నాడు వాడు.
ఎంతసేపు సాగిందో.
అత్త చాటలో నాలుగు గుప్పిళ్ళ కాయలు అయిపోయినాయి.
మజ్జలో యాడనో
"పది" అని పడిపోయింది,
మేమెవరం గమనించనట్టే ఉన్నాం.

మంగళవారం మళ్ళీ "ప" అతుక్కుంది.
బుధవారం బడే లేదు, గౌసుకు జరం.

సందకాడ ఆయనొచ్చినాడు
కనురెప్పల మీద రాతిపొడితో.
గడప కాడ చెప్పులిడిచి నిలబడి
"ఏ బండ తొక్కచ్చు?" అన్నాడు.
హాజరా చూపించింది.
గోడకు ఈపు ఆనించుకోని,
టిఫిను క్యారియరు ఎత్తి పట్టుకోని,
పక్కవాటుగా నడుచుకుంటా పోయినాడు
వంటింట్లోకి.

తడిగుడ్డ పెట్టాల. పెట్టలేదు.
గౌసు నిద్రపోయినా పిడికిలి ఇప్పలేదు.
ఇంట్లో మిగిలిన సుద్ద
అందులోనే ఉండాది.