డఫస్ తలుపు తట్టలేదు

ఇన్‌స్పెక్టర్ డఫస్ నాలుగో అంతస్తుకి ఎక్కి
గొడుగు నీళ్ళు దులిపి
పిడికిలి ఎత్తాడు.
అంతే. అక్కడ ఆపేశారు.
టీవీ వాళ్ళకి డబ్బు చాల్లేదట.
ఆ పై మంగళవారం అదే వేళకి
గులాబీ మొదళ్ళకి ఎముకల పొడి
ఎంత చల్లాలో ఒకాయన చెప్పాడు.

కథ కంచికి పోలేదు.
మేమూ ఇంటికి పోలేదు.

ఆర్‌బ్రోత్ రేవులో నా పని చేపలకి పొగబెట్టడం.
హాడక్‌లని తోకలు జతకట్టి కర్రకి వేలాడదీస్తాను.
ఏ సబ్బుకీ లొంగని ఆ వాసన చేతుల్తోనే
రాత్రిళ్ళు వంటింటి బల్ల మీద పుస్తకం చేస్తాను.
నలభై ప్రతులు, ఒక్కోదానికి రెండు పిన్నులు,
అట్ట మీద ‘డఫస్: ఆ పైన.’
లైబ్రరీ జిరాక్సు మిషను ఎడమ అంచు తినేస్తుంది,
మా కథల్లో ప్రతి వాక్యానికీ
మొదటి అక్షరం ఊహించుకోవాలి.

అందరూ ఆ తలుపు తెరిచినవాళ్ళే.
పర్త్‌లో నర్సు మోరీన్ టోష్
తెరవగానే కత్తితో పొడిపిస్తుంది.
తరవాత పన్నెండు పేజీలు తనే కట్టు మారుస్తుంది.
పద్నాలుగేళ్ళ కల్లమ్ కథలో తలుపు వెనక సముద్రం.
ఎందుకో రాయలేదు. అలాగే వేశాను.
ఫైఫ్ అక్కచెల్లెళ్ళు ఒకే కాగితం మీద కొట్టుకుంటారు:
అక్క పెళ్ళి చేస్తుంది సార్జెంటు యూనాతో,
చెల్లి పక్క పేరాలోనే విడాకులిప్పిస్తుంది.
నేనూ రాశాను ఒకటి.
డఫస్ తడి మేజోళ్ళు విప్పి
హీటరు మీద ఆరేస్తాడు, గుడ్డు ఉడకబెట్టుకుంటాడు.
హంతకుడి సంగతి మరిచేపోయాను.
ఎవరూ అడగనూ లేదు.

థర్సో నుంచి ఇమ్రీ గారు, రిటైరైన కానిస్టేబులు,
మొదట్లో తప్పులు పడుతూ ఉత్తరాలు రాసేవారు.
‘అలాంటి ఇంటికి ఒక్కరే వెళ్ళరమ్మా.
ఎప్పుడూ ఇద్దరం వెళ్ళేవాళ్ళం.
ఒకరు చెప్పడానికి,
ఒకరు టీ కెటిల్ ఎక్కడుందో వెతకడానికి.’
తరవాత కథే పంపారు. ఒకటిన్నర పేజీ.
డఫస్ తట్టాడు. ఎవరూ పలకలేదు. దిగిపోయాడు.
మెట్లు అరవై నాలుగు.

తిప్పి పంపాను.
‘ఇందులో ఏమీ జరగలేదు కదండీ’ అని.
పోస్టుకార్డు వచ్చింది:
‘అవును. జరగలేదు.’

ఈ మార్చిలో ఆయన కూతురు రోనా
ఒక బిస్కెట్ డబ్బా పంపింది.
నాన్న పోయారు, ఇవి మీ తాలూకువేమో, అని.
నూట పదకొండు కాగితాలు.
ప్రతిదాంట్లోనూ డఫస్
అరవై నాలుగు మెట్లు ఎక్కుతాడు.
ఒకరోజు మెట్ల మీద పిల్లి.
ఒకరోజు ఏ వాటాలోంచో ఉల్లిపాయలు వేగుతున్న వాసన.
ఒకరోజు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, దిగిపోతాడు.
శవం లేదు, జాడ లేదు, అనుమానితులు లేరు.
ఒక్కచోట మాత్రం, కొట్టేసిన వాక్యాన్ని
బల్బు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కనబడింది:
అతని కోటు జేబులో పిల్లవాడి బూటు, ఒంటిది.

చివరి కాగితంలో లోపల గొలుసు చప్పుడయింది.
తలుపు నాలుగు వేళ్ళంత తెరుచుకుంది.
‘ఇద్దరొచ్చారే’ అంది లోపలి గొంతు.
డఫస్ పక్కకి చూశాడు.
పక్కన ఒక కుర్ర కానిస్టేబులు.
పేరు రాయలేదు.

అక్కణ్ణించి కాగితం తెల్లగా ఉంది.
మిగతాది నువ్వే పూర్తిచెయ్యమంది మోరీన్, ఫోనులో.
కత్తి ఎలాగూ ఉంది ఆమె దగ్గర.
నేను చాలాసేపు కూచున్నాను,
వేళ్ళకి పొగ వాసన,
బయట ఆటుకి తేలిన పడవలు
ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి.

ఒక్క వాక్యం రాశాను, పెన్సిలుతో:
కెటిల్ కిటికీ పక్కన ఉంది, ఎడమ వైపు.

పిన్నులు కొట్టాను. రెండు.