రిమార్కుల గడి

రోజూ పొద్దున ఆరింటికి నేను రాసేది ఒక్క అంకె.
తూము మెట్ల పక్కన ఇనుప కొలబద్ద,
దాని మీద నీళ్లెక్కడ ఆగితే అక్కడ నా ఉద్యోగం.
అంకె పక్కన ఒక ఖాళీ గడి: రిమార్కులు.
పైవాళ్లెవరూ అది చదవరని తెలిశాక
పిట్టలకిచ్చేశాను.

‘ఎర్రకాళ్ల కొంగలు నూటపది. తెడ్డుమూతులు తొమ్మిది.
నీటికాకులు లెక్కకు నిలబడలేదు.’

చెరువు నడుమ దిబ్బ.
లంగర్‌హౌజ్ బస్సు దిగి సెల్ఫీకొచ్చే వాళ్లకి
అది తెల్లగా రెట్టలు పడిన నాలుగు తుమ్మలు.
వలేసే బాలమణికి నాయనమ్మ పుట్టిల్లు.
‘ఊరంత మునిగింది సారూ,
బొడ్రాయి కాడి ఎత్తొక్కటే మిగిలింది.
మాకు పట్టా రాలె. కొంగలకొచ్చింది.’

వాళ్ల తాత జాగీర్దారు వేటకు పడవ నడిపాడట.
గురి కుదిరే క్షణానికి ఆయనకు దగ్గొచ్చేది,
దిబ్బ మొత్తం లేచి ఆకాశమయ్యేది.
మూడు చలికాలాలు దగ్గాడు.
క్షయ అనుకుని పంపేశారు.
తర్వాత తొంభై ఏళ్లు బతికాడంటుంది,
లెక్కల్లో ఆమెది ధారాళమైన చెయ్యి.

బీరువా అడుగున చెదలు మిగిల్చిన పాత రిజిస్టరు.
ఉర్దూ. చాయ్ దుకాణం షబ్బీర్ కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు:
‘ఫసలీ పదమూడు వందల నలభై రెండు, ఖుర్దాద్ నెల.
నీళ్లు లేవు. ద్వీపం నేలలో కలిసింది.
పిట్టలు పిల్లల్ని వదిలి పోయాయి.’
కింద సంతకం, దస్తగీర్.
అంటే నాకంటే ముందే ఒకడు
ఈ గడిని పాడు చేశాడన్నమాట.

ఆ వేసవి మాకూ వచ్చింది.
కొలబద్ద కాళ్లు బయటపడ్డాయి.
బురద ఎండి, పెంకులై, దారై,
ఆ దారిన కుక్కలు.
కొంగలు ఎక్కడినుంచో గొంతులో నీళ్లు మోసుకొచ్చి
పిల్లల మీద కక్కుతున్నాయి,
రెక్కలు గొడుగులా విప్పి ఎండకు అడ్డం నిలబడుతున్నాయి.
గూట్లోంచి జారిన పిల్ల తెల్లారేసరికి ఈకలు.

బాలమణి ఒక కర్ర, ఒక టార్చీ, ఒక గంప సద్ది పట్టుకుని
నడిచి వెళ్లింది, పడవ లేకుండా, పుట్టింటికి.

‘నీటిమట్టం: సున్న.
రిమార్కులు: దిబ్బ మీద మనిషి ఒకటి. ఆడ. కూర్చుని ఉంది.’
ముప్పై ఎనిమిది రోజులు అదే రాశాను.
ఒకరోజు మాత్రం, ‘కునుకు తీసింది.’

అక్కడ ఆమెకు రోలు దొరికింది, అంచు విరిగింది.
ఇంటికి తెచ్చుకోలేదు.
నోరు పైకి తిప్పి పెట్టి వచ్చింది.
తొలకరికి అది నిండింది. చింతవక్క ఒకటి తాగింది.
రిజిస్టర్లో ఉంది, చూసుకోవచ్చు.

ఇప్పుడు తూము గోడకు సెన్సారు బిగించారు.
అంకె దానంతటదే ఆఫీసుకి పోతుంది.
గడులేమీ లేవు.
ఇవాళ ఆ పెట్టె నెత్తిన లకుముకి వాలి
చేపను రెండుసార్లు బాది మింగింది.
ఎక్కడ రాయాలో తోచక
అరచేతిలో రాసుకున్నాను.