కచ్చా కుట్టు

అయిదు రంగులు చిన్నబజార్లోనే దొరికినయ్.
ఎరుపు, కాషాయం, పసుపు, ఆకుపచ్చ, నీలం,
ఎలక్షన్లలో మిగిలిన జెండా గుడ్డ, తానులకు తానులు.
"ఇన్ని రంగులా? ఏ పార్టీ అబ్బయా నీది?" అన్నాడు సేటు.
"ఇంకా గుర్తు ఇయ్యలా" అన్నా.

ఆరోది వంకాయ రంగు.
ఊరంతా తిరిగినా లేదు.
ఉండేదల్లా నా అంగట్లోనే,
కొక్కేనికి, పాలిథిన్ సంచిలో, నాలుగేళ్లుగా:
బిల్లు నెంబరు రెండొందల పద్దెనిమిది.
లంగా, జాకెట్టు, ఓణీ. అడ్వాన్సు వంద.

ఇచ్చిన పిల్లోడు "మా చెల్లికి" అన్నాడు.
కొలత జాకెట్టు ఏదంటే
చెల్లి నా అంతే ఉంటది, నన్నే కొలవమన్నాడు.
టేపు ఆనంగానే ఊపిరి బిగబట్టినాడు.
భుజాలు పదహారున్నర.
చెల్లి లేదని నాకు తెలుసు,
నాకు తెలుసని వాడికి తెలుసు.
ఫ్యాను తిరుగుతా ఉంటే ఇద్దరం దాన్నే చూసినాం.

మళ్లా రాలా.

శుక్రవారం రాత్రి
రొయ్యల మేత బండి దించేసి హజరత్ వచ్చినాడు,
స్నానం చేసినా పోని ఆ వాసనతో.
ఇస్త్రీపెట్టెలో బొగ్గులు విసురుతా అడిగినాడు:
"దాన్ని కత్తిరిస్తావా?"
"కత్తెర పెట్టను. ఓణీ ఒకటే తీసుకుంటా.
అయిదు పట్టీలకు మిషను కుట్టు,
ఆరోదానికి చేత్తో కచ్చా కుట్టు.
వాడొచ్చి అడిగితే దారం లాగితే చాలు."
హజరత్ ఏం మాట్లాడలా.
నీళ్లు చిలకరించి ఆ మడత మీద పెట్టె జరిపినాడు,
జొరమొచ్చిన బిడ్డ నుదురు తడిమినట్టు.

శనివారం సాయంత్రం వీఆర్సీ సెంటరు.
మొదటేడు పదకొండు మందిమి
మూతులకు గుడ్డలు కట్టుకోని
సోడా బండి వెనకాల పదినిమిషాలు నిలబడి ఇళ్లకు పోయినోళ్లం.
ఇయ్యాల లెక్కపెట్టబోయి నూట అరవై కాడ తప్పినా.
పలకలు మోగతుండాయి.
కావలి కాలేజీ పిల్లకాయల బుగ్గల మీద రంగు చెమటకి కారతా ఉంది.
బుచ్చిరెడ్డిపాళెం నర్సమ్మలు ఇద్దరూ,
పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో
"అక్కాచెల్లెళ్లు"గా అద్దె కట్టినోళ్లు,
ఇయ్యాల ఆ మాట ఇంట్లో పెట్టి వచ్చినారు.
కామాక్షక్క మల్లెపూలు మూరలు తుంచి
అడిగినోళ్లకీ అడగనోళ్లకీ పెడతా ఉంది,
బందోబస్తు కానిస్టేబులమ్మ జడలో గూడా.
"ఏడింటికల్లా ముగించాలయ్యో" అంటా ఎస్సై
బూటుతో తాళం వేస్తా ఉండాడు, ఆయనకే తెలీకండా.

జెండాకి ఒక కొస నేను, ఒక కొస హజరత్.
ట్రంకు రోడ్డు నడిమధ్యన
మేమిద్దరం ఒకే గుడ్డ పట్టుకోని నడవడం
పండగ గాక ఇంకేంది?

గాంధీబొమ్మ కాడ సిగ్నల్లో ఒక మోటారుసైకిలు.
ట్యాంకు మీద చంటిది, వెనక ఇల్లాలు,
ఆమె ఒళ్లో నిమ్మకాయల సంచి.
చంటిది మమ్మల్ని చూసి చప్పట్లు కొడతా ఉంది.
ఆయన హెల్మెట్టు తీయలా.
తల మాత్రం ఎరుపు కాడినుంచి కిందికి, కిందికి,
చివరి పట్టీ దాకా దిగి ఆడే ఆగిపోయింది.
పచ్చలైటు పడింది. వెనక హారన్లు.
మొహం కనపడలా నాకు.
దర్జీవాడికి మొహం దేనికి?
పదహారున్నర.

ఇల్లాలు వీపు తడితే కదిలినాడు,
పొదలకూరు రోడ్డు వైపు.
హజరత్‌కి చెప్పలా. పలకల్లో చెప్పినా వినపడదు.

ఆదివారం మైపాడు.
మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు.
నర్సమ్మలు కబడ్డీలో కాలేజీ పిల్లకాయల్ని ఓడించి
మోకాళ్లు నొప్పులని రెండోసారి ఆడలా.
జెండా పరుచుకోని దాని మీదే తిన్నాం;
ఎవడో పులుసు వొలికిస్తే
"ఎర్రదాని మీదేలే, కనపడదు" అని నవ్వుకున్నాం.
మోకాలి లోతు నీళ్లలో
హజరత్ నా చెయ్యి పట్టుకున్నాడు, అందరి ముందర.
ఎవరూ చూడలా. అందరికీ ఎవరి అలలు వాళ్లకుండాయి.

సోమవారం అంగడి తీసి
కచ్చా దారం లాగేసినా.
ఓణీ ఉతికి, ఆరేసి,
ఉప్పు పోయిందో లేదో నాలిక కొసన చూసి
మళ్లా సంచిలో, మళ్లా కొక్కేనికి.
పన్లో పనిగా జాకెట్టు విప్పి
చంకల కింద అర అంగుళం వదులు చేసినా.

సంసారం కదా,
కాస్త ఒళ్లు చేసినట్టుండాడు.