ఆరో గడి

జిల్లా ఆఫీసు నుంచి ఫారం వచ్చింది.
"మూడో తరగతి లోపు పిల్లలకు
మీరు సిఫారసు చేసే బొమ్మల పుస్తకాలు, పది.
పదిహేనో తారీఖు లోగా పంపవలెను."
గడులు ఐదు:
వరస సంఖ్య, పేరు, రచయిత, పేజీలు, ధర.

సీతాఫల్‌మండి స్టేషన్ వెనక మా బడి.
లైబ్రరీ అంటే మెట్ల కింద జాగా,
అందులో ఒక ఇనుప బీరువా.
తలుపు సగమే తెరుచుకుంటుంది గనక
సన్న చేతులవాళ్లే అసలు లైబ్రేరియన్లు.
నేను ఉత్త తాళంచెవిని.

పేరు గడి దగ్గరే ఆగిపోయాను.
మొదటి పుస్తకానికి అట్ట లేదు.
అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం
కిలో లెక్కన తూచి ఇచ్చాడు,
మామిడిపండ్లకు కొసరేసినట్టు రెండు ఎక్కువ వేసి.
పిల్లలు దాన్ని తోక పుస్తకం అంటారు.
ప్రతి పేజీలో ఒక తోక,
పేజీ తిప్పితేగాని ఆసామి కనపడడు.
చివరి పేజీ ఎప్పుడో ఊడిపోయింది.
ఆఖరి తోక ఎవరిదన్నది
మా బడిలో నాలుగేళ్లుగా తేలని తగువు.
"రైలుది మేడం," అంటాడు మల్లయ్య కొడుకు సాయన్న,
"ఎనక ఎర్ర లైటుంటది సూడు, గదే తోక."
కాదు, మా అమ్మీ జడ అంటుంది మెహజబీన్.
మొన్న అదే పుస్తకం మొత్తంగా దొరికింది,
చివరి పేజీతో సహా.
చేతిలోకి తీసుకుని, తెరవకుండా
మళ్లీ కుప్పలో పెట్టి వచ్చాను.

రెండోది వాన పుస్తకం.
అక్షరం ముక్క లేదు.
చినుకు, గొడుగు, గొడుగు కింద మేక.
తనిఖీకి వచ్చినాయన అటూ ఇటూ తిప్పి
"ఇందులో చదవడానికేముందమ్మా" అన్నారు.
జవాబు నోటిదాకా వచ్చి ఆగింది.
జవాబు పేరు ఝుమురి.
బలాంగీర్ నుంచి వచ్చిన ఇటుక పనివాళ్ల బిడ్డ.
జూన్ నుంచి ఆగస్టు దాకా నోరు విప్పలేదు.
చెవుడు అనుకున్నాం,
రిజిస్టర్లో రాశాను కూడా, నేనే.
ఓ మధ్యాహ్నం ఆ మేక మీద వేలు పెట్టి
తన భాషలో మొదలుపెట్టింది,
ఆగితే ఒట్టు.
మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.
లోకల్ రైలు పోతున్నా
కిటికీకి ఎవరూ పరుగెత్తలేదు.
గాలికి గొడుగు ఎగిరిపోయినప్పుడు
సాయన్న ఏడ్చాడు.
సాయంత్రం రిజిస్టర్లో ఆ మాట కొట్టేశాను,
కింది పేజీ దాకా గీత దిగింది.

మూడోది ఖరీదైనది, ధర గడి నిండుతుంది.
ఏదో కంపెనీ వాళ్లు ఫొటో దిగి ఇచ్చారు.
"జాగ్రత్తమ్మా" అన్నారు,
జాగ్రత్తగానే చంపాను.
ఏడాదిపాటు పై అరలో, ప్లాస్టిక్ కవర్లో,
దండం పెట్టుకునే పటంలాగా.
కవరు చింపిన వారానికి
ఏనుగు చెవి ఎవరో కొరికారు.
అప్పుడు దాన్ని లెక్కలోకి ఎక్కించాను.

నాలుగోది బీరువాలో లేదు.
పల్లీలు ఉడకబెట్టి అమ్మే లచ్చుమమ్మ ఇంట్లో ఉంది.
ఆమెకు చదువు రాదు.
రోజూ రాత్రి బొమ్మలు చూసి మనవరాలికి చెబుతుంది.
"మేడం, మా నాయినమ్మ అబద్ధాలు సదువుతది,
నిన్న కుందేలు సచ్చిపోయింది,
ఇయ్యాల దానికి లగ్గం చేసింది"
అని పంచాయితీకొచ్చింది పిల్ల.
పుస్తకం వెనక్కి తెమ్మన్నాను.
తేలేదు.
ఇంకా లగ్గం అయిపోలేదట.

పెన్సిల్‌తో, స్కేలు పెట్టి
ఫారం పక్కన ఆరో గడి గీశాను:
ఏ పేజీ దగ్గర చినిగింది?
మిగతావి ఖాళీగా ఉన్నా
అదొక్కటి గబగబా నిండుతోంది.
ఆఫీసులో గుమస్తా ఫోన్ చేస్తాడు, తెలుసు,
కంప్యూటరు ఐదే తీసుకుంటుందని.

ఏడో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టారు.
ఎప్పుడు తెరిచానో, ఒళ్లో వాన పుస్తకం,
మేక ఇంకా తడవలేదు.
మెట్ల పక్క నుంచి ఒక సన్న చెయ్యి
బీరువాలో వెతికి వెతికి, దొరకక,
నా మోకాలు తట్టింది.
ఇన్ని నెలల తర్వాత, తెలుగులో:
"మేడం, నీది సదువుడు అయిందా?
నాకియ్యవా?"