ఫలాలు: ఐదు

పదమూడో బీరువా తెరిస్తే
ముందు కలరా ఉండల వాసన పలకరిస్తుంది,
తర్వాతే మొక్కలు.

నా పని తేలిక.
షీటు తియ్యాలి, నంబరు చూడాలి,
ఉంది అనో లేదు అనో టిక్కు పెట్టాలి.
'పాడైంది' అని మూడో గడి కూడా ఉంది గానీ
దాన్ని ఎక్కువ వాడొద్దన్నారు పైవాళ్లు,
ఆడిట్‌లో బాగుండదట.

పొన్నురంగం ముప్పై ఏళ్లుగా ఈ గది తాళం తీస్తున్నాడు.
ఏ మొక్క పేరూ తెలీదంటాడు,
ఏ అరలో పురుగు పడుతుందో మాత్రం
వేలు పెట్టి చూపిస్తాడు.
"వాన పట్టిందంటే నాలుగో అర చూసుకోమ్మా,
కాగితానికి చెమట పోస్తాది."
అరవం కలిసిన తెలుగు, నాదీ అంతే.

లేబుళ్ల నిండా వంకర లేని ఇంగ్లీషు చేతిరాత.
ఎవరు సేకరించారో ఉంది,
ఎవరు నిర్ధారించారో ఉంది,
చెట్టెక్కి కొమ్మ విరిచిందెవరో లేదు.
ఒక్క షీటు అడుగున మాత్రం
పెన్సిలుతో, కూడబలుక్కున్న తెలుగు అక్షరాల్లో
"గలిజేరు. కూర వండుతారు."
పైనున్న లాటిన్ పేరు రెండుసార్లు కొట్టేసి మార్చారు.
గలిజేరు జోలికి ఎవరూ పోలేదు.

4117లో మొక్క లేదు.
అతికించిన పట్టీలున్నాయి.
వాటి మధ్య, టీ మరక రంగులో
ఒక కాడ, ఏడు ఆకులు,
కాగితానికి గుర్తున్నంత మేరకు.
ఉందని రాయనా, లేదనా?
పొన్నురంగం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"షీటుంది కదా" అన్నాడు.
లేదని రాశాను.
భోజనమయ్యాక మళ్లీ తీసి చూశాను.

4123. పల్లేరు.
1934 ఆగస్టు. ఆదంబాక్కం, చెరువు గట్టు, ఇసుక నేల.
నవ్వొచ్చింది నాకు.
మేం అద్దెకుండేది అక్కడే, రెండో అంతస్తులో.
గట్టు ఎటువైపుండేదో మా ఇంటాయనకీ తెలీదు.
కాయలు తెగి కవరులో పడి ఉన్నాయి.
లెక్కపెడుతుంటే ఒకటి వేల్లో దిగింది.
తొంభై ఏళ్లు చీకట్లో పడుకున్నా
ముల్లు పని మర్చిపోలేదు.
నెత్తురు చుక్క, చీరకే తుడుచుకున్నాను.
రాశాను: ఉంది. ఫలాలు: ఐదు.

ఆరూ పదికి కరెంటు పోయింది,
టార్చి వెలుగులో బీరువా మూశాం.
గిండీలో జనం, పరంగిమలైలో వాన.
మా మెట్లెక్కుతుంటే చీర అంచు
ఒకటే చోట మడమకి గుచ్చుకుంటోంది.
వంగి చూశాను.

రేపు ఐదు కొట్టేసి నాలుగు వెయ్యాలి,
పక్కన సంతకం, తేదీ.
లేదా దీన్ని రుమాల్లో కట్టి పట్టుకెళ్లాలి.
కింద, వాచ్‌మన్ గది పక్కన,
సిమెంటు చాలక వదిలేసిన జానెడు మట్టి ఉంది.

అరచేతిలో పెట్టుకుని
అక్కడే మెట్టు మీద కూర్చున్నాను,
మెట్ల లైటు
తనంతట తనే ఆరిపోయేదాకా.