తరుగు

రిచీ స్ట్రీట్‌లో అన్సారీ బాయ్ దాన్ని నా అరచేతిలో పెట్టి
"పట్టుకున్నట్టే ఉండదక్కా" అన్నాడు.
సరుకుని అలా పొగడడం
పన్నెండేళ్ల ఉద్యోగంలో నేనెక్కడా వినలేదు.

నేను పనిచేసేది షావుకారుపేటలో, తాకట్టు కొట్టు.
గాజులు, గొలుసులు, కమ్మల జతలు.
రాళ్లు తీసేస్తాం, లక్క తీసేస్తాం, తరుగు తీసేస్తాం,
మిగిలినదానితోనే మా మాటలు.
ఇక్కడ వీపు నిండా చిల్లులు పొడిచి
ఆ చిల్లులకే ఎక్కువ అడుగుతున్నాడు.
తరుగుకి మజూరీ!
బేరమాడాను. రెండొందలు తగ్గాడు.

మర్నాడు సేఠ్ భోజనానికి లేచాక
గాజుపెట్టెలో త్రాసు మీద కూర్చోబెట్టాను మౌస్‌ని.
డబ్బా మీద నలభై ఏడు గ్రాములు.
పళ్లెంలో నలభై ఆరు పాయింట్ ఎనభై రెండు.
నాలుగు తులాలు, పైన గురిగింజన్నర లోపు.
రాసినదానికన్నా తక్కువ తూగినా
నాకు కోపం రాని వస్తువు ఈ పళ్లెంలోకి ఇదే రావడం.

నా చెయ్యి చిన్నది.
ఇంతకుముందు వాడినవన్నీ ఎవరో ఆరడుగుల మనిషికి చేసినవి,
అన్న చెప్పులేసుకుని పరుగుపందెంలో దిగినట్టుండేది.
ఇది వేలి కొసలకే అందింది.
అరచెయ్యికి పనిలేదు, గాలిలో ఊరికే ఉంది.

కొండితోపు మేడ మీద గది, రాత్రి పదకొండు.
హోసూరు నించి లోహిత్, తాంబరం నించి ఇనియా,
నేను, గురిగింజ. ఆటలో నా పేరు అదే.
అర్థమేమిటని ఒకసారి ఇనియా అడిగింది.
గురి వాళ్ల భాషలోనూ గురే,
గింజ సంగతే చెప్పాల్సొచ్చింది:
ఎర్రగా, ఓ పక్క నల్లగా, బంగారం తూచేది.

ఎడమ మీట, గోటితో లేత పెసరకాయ గిల్లినట్టు.
కుడిది కొంచెం మెత్తన, నిన్నటి అప్పడం.
చక్రం వదులు.
పక్కలు నొక్కితే కిర్రుమంటుంది, బోలు గాజులాగే,
ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.
మే నెల ఉక్కలో చిల్లుల్లోంచి చెమట ఆరుతోంది, నిజమే.
మింట్ స్ట్రీట్ దుమ్ము కూడా ఆ దారినే పోతుంది లోపలికి.
ఆరునెలలకి మళ్లీ తూచాలి.

మొదటి రాత్రి నా గుళ్లన్నీ తల దాటి గోడకి తగిలాయి.
"అక్కా, గోడ చచ్చిపోయింది" అన్నాడు లోహిత్.
ఇన్నాళ్లూ నేను తోసింది
బాణం గుర్తుని కాదు, ఓ ముద్ద బరువుని.
నాలుగో రాత్రికి కుదిరింది.
చూపు ఎక్కడుంటే చెయ్యి అక్కడుంది,
మధ్యలో ఏమీ లేదు.
వరసగా ఆరు ఆటలు.

ఐదో రోజు కొట్టుకి
పూలు కట్టే ఆమె కమ్మల జత తెచ్చింది,
వేళ్లకింకా తడి దారం పోగులు.
త్రాసుకన్నా ముందు చెయ్యి చెప్పాలి,
పరబ్రహ్మాచారి గారు నాకు నేర్పింది అదొక్కటే.
పావు గ్రాము కూడా తప్పని చెయ్యి.
"ఆరుంటాయి" అన్నాను పైకే.

త్రాసు నాలుగున్నర అంది.

రెండుసార్లు తుడిచి మళ్లీ పెట్టాను.
ఆమె అప్పటికే ఆరుకి లెక్కేసుకుంది,
పెదాల కదలిక చూశాను.
ఒకటిన్నర గ్రాము ఇచ్చి
అరనిమిషంలో వెనక్కి లాక్కున్నాను.
త్రాసుని తిట్టింది, నన్ను తిట్టలేదు.

ఆ రాత్రి ఆటకి పోలేదు.
తర్వాతి రాత్రి పోయాను.

వస్తువు బాగుంది. చక్రం తప్ప వంక పెట్టలేను.
ఉంచుకుంటున్నాను.
పొద్దున్నే మాత్రం కొట్టు తెరవగానే
యాభై గ్రాముల ఇత్తడి రాయి కుడిచేతిలో మూసుకుని
సేఠ్ వచ్చేదాకా కదలకుండా కూర్చుంటాను.
"ఏంటమ్మా, జపమా?" అంటాడు
షట్టరు మిగతా సగం పైకి తోస్తూ.